బగారా అన్నం 20 మందికి: గ్లాసు లెక్క పెద్ద గంజుకు పనికొస్తుందా?

ఉప్పల్ వంటిల్లు

నమస్తే అందరికీ. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో 20 మందికి బగారా అన్నం వండాలి. పక్కన కోడికూర, మాంసం తినని వాళ్లకు దాల్చా, పెరుగు పచ్చడి. నలుగురికి వండే లెక్క అలవాటైందే. గ్లాసు సోనా మసూరికి రెండు గ్లాసుల నీళ్లు, బియ్యం నానబెట్టను, మామూలు గిన్నెలో మూత పెట్టి వండుతాను. పొడిపొడిగానే వస్తుంది. ఆ లెక్కనే హెచ్చవేసుకుంటూ పోతే పెద్ద గంజులో కుదురుతుందా? పెద్ద వంటల్లో అడుగున ముద్ద, పైన పలుకు అవడం చాలా చోట్ల చూస్తుంటాం కదా, అది ఎందుకవుతుందో కూడా తెలియాలి.

నా దగ్గర ఉన్నవి: ఏడాది పాత సోనా మసూరి, అడుగు మందంగా ఉన్న 14 లీటర్ల అల్యూమినియం డేక్సా, మూడు బర్నర్ల ఇంటి స్టవ్. వడ్డన ఒంటి గంటకు. బియ్యం ఎన్ని కిలోలు, నీళ్లు ఎన్ని లీటర్లు, మసాలా దినుసులు ఎంతెంత, ఇంటి స్టవ్ సరిపోతుందా లేక టెంట్ హౌస్ నుంచి భట్టి తెప్పించాలా? గ్లాసుల్లో కాకుండా కిలోలు, లీటర్లలో చెబితే మేలు.

గంజు గరిటె

అక్కా, ముందుగాల ఒక్క మాట: హెచ్చవేసుడు బియ్యానికే, నీళ్లకు కాదు. కిలో సోనా మసూరి కొలిస్తె లీటరుంబావు కంటె కొంచెం తక్కువ ఉంటది. 20 మందికి రెండున్నర కిలోలు పెట్టుకోండ్రి, తలా 125 గ్రాములు పడతది, కూర ఉంది గాబట్టి చాలు. ఆ రెండున్నర కిలోలు కొలత మీద మూడు లీటర్లు. మీ లెక్కల పోతే ఆరు లీటర్ల నీళ్లు పోయాలె. పోస్తె బగారా గాదు, సంకటి అయితది.

నీళ్లు నాలుగు లీటర్లు. ఇది 20 నిమిషాలు నానబెట్టి, చిల్లుల గిన్నెల వడకట్టిన బియ్యానికి చెప్తున్న లెక్క. నానబెట్టకపోతె నాలుగు లీటర్లన్నర దాక పోతది, గని పెద్ద గంజుల నానబెట్టని బియ్యం వండకుండ్రి. పైన పలుకు ఉండేది అట్లనే.

రెండున్నర కిలోలకు సామాను రాసుకోండ్రి:

నూనె 200 మిల్లీలీటర్లు, నెయ్యి 50 గ్రాములు. ఉల్లిగడ్డ 600 గ్రాములు, సన్నగ నిలువుగ కోసినయి. పచ్చిమిరపకాయలు 20 నుంచి 25, నడుమ చీరాలె. చీరకుండ వేస్తె కాగిన నూనెల పేలి మొకం మీద పడతయి. అల్లమెల్లిగడ్డ ముద్ద 125 గ్రాములు. పుదీన రెండు కట్టలు, ఆకు మాత్రమే, కాడలు వేస్తె నల్లగయితయి. కోతిమీర ఒక పెద్ద కట్ట. ఉప్పు 55 గ్రాములు, అంటె సన్న ఉప్పు మూడు పెద్ద చెంచాలు, తల కొట్టి. దొడ్డు ఉప్పు అయితె చెంచా లెక్క తప్పుతది, తూకం వేసుకోండ్రి.

మసాలా: షాజీరా రెండు పెద్ద చెంచాలు, దాల్చిన చెక్క 10 గ్రాములు, లవంగాలు 20, యాలకులు 15, బగారాకు 8, మరాఠీ మొగ్గ 4, అనాస పువ్వు 2, జాపత్రి రెండు రేకులు, రాతి పువ్వు చిటికెడు. కిలోకు వేసేదాన్ని రెండున్నర రెట్లు చెయ్యలేదు, రెండు రెట్ల కాడ ఆపిన. పెద్ద గంజుల మూత కింద వాసన బయటికి పోదు, రెండున్నర రెట్లు వేస్తె లవంగం, అనాస పువ్వు నోట్లె ఘాటుగ తగులుతయి.

పసుపు వద్దు, కారం వద్దు, గరం మసాలా పొడి అస్సలే వద్దు. పొడి వేస్తె అన్నం మట్టి రంగుకొస్తది, మెతుకుకు గరుకు పడతది. కూర ఘాటుగ ఉంటది గాబట్టే బగారా సాదాగ ఉండాలె.

పద్ధతి: గంజు వేడెక్కినంక నూనె, నెయ్యి. మంట మధ్యలకు తెచ్చి చెక్క, లవంగం, యాలకులు, మొగ్గ, పువ్వులు, ఆకు ముందు వెయ్యాలె. షాజీరా ఆఖర్ల. అది సన్నగ ఉంటది, ముందు వేస్తె మాడి చేదొస్తది. అది చిటపట అనంగనే ఉల్లిగడ్డ. ఇన్ని ఉల్లిగడ్డలు వేగడానికి 15 నిమిషాలు పైనే పడతది, తొందరపడొద్దు. బంగారు రంగు రావాలె, గోధుమ రంగు దాటొద్దు. బిర్యానీకి వేయించినట్టు నల్లగ వేయిస్తె అన్నమంత ఆ రంగు దిగుతది. చిటికెడు ఉప్పు ఉల్లిగడ్డ మీద చల్లితె నీరు తొందరగ వదులుతది.

తర్వాత పచ్చిమిరపకాయ, అల్లమెల్లిగడ్డ. ముద్ద అడుగుకు పట్టబోతె ఒక గరిటెడు నీళ్లు చిలకరించి గీకుతూ వేయించాలె. పచ్చి వాసన పోయి నూనె తేలాలె. అడుగు అంటింది అంటుకున్నట్టె వదిలేస్తె, దమ్ములకు పోయినంక మాడేది అక్కడనే. పుదీన అర నిమిషం. ఇగ ఎసరు పోయాలె, ఉప్పు వెయ్యాలె. నీళ్లు నోట్లె పోసుకుంటె కొంచెం ఉప్పగ తగలాలె, సరిగ్గ ఉందంటె అన్నంల చప్పగయితది.

ఎసరు తెర్లినంక బియ్యం. ఒక్కసారి అడుగు దాక కలపాలె, మళ్ల గరిటె పెట్టొద్దు.

సన్నసెగ

పై లెక్కతో ఏకీభవిస్తాను. ఎందుకు అలా అన్నది అడిగారు కాబట్టి ఆ సంగతి చూద్దాం, అది తెలిస్తే 10 మందికైనా 40 మందికైనా మీరే లెక్క కట్టుకోవచ్చు.

అన్నానికి పోసే నీళ్లు రెండు దారుల్లో పోతాయి. బియ్యం పీల్చుకునేవి కొన్ని, ఆవిరై పోయేవి కొన్ని. పీల్చుకునేవి బియ్యంతో పాటే పెరుగుతాయి, రెండింతలు బియ్యానికి రెండింతలు నీళ్లు. ఆవిరి సంగతి అలా కాదు. అది గిన్నె మూతి వెడల్పును, మంటను, ఎంతసేపు తెర్లిందన్న దాన్ని బట్టి ఉంటుంది. గ్లాసు బియ్యం వండినప్పుడు పది నిమిషాల ఉడుకులో చిన్న కప్పు నీళ్లు ఆవిరైతే, పోసిన నీళ్లలో అది పెద్ద భాగమే. రెండున్నర కిలోలు వండినప్పుడు ఆవిరయ్యేది సుమారు అర లీటరు. నాలుగు లీటర్లలో అర లీటరు పెద్దదేమీ కాదు. గ్లాసుకు రెండు గ్లాసుల లెక్కలో దాగి ఉన్న ఆవిరి వాటాను పదిహేనుతో హెచ్చవేస్తే లీటరుకు పైగా నీళ్లు అదనంగా గంజులో పడతాయి. అవి పోయే చోటు లేదు. అడుగుకు దిగి అక్కడి మెతుకుల్ని పగలగొడతాయి. అడుగున ముద్దకు మొదటి కారణం ఇదే.

రెండో కారణం మంట చాలకపోవడం. రెండున్నర కిలోల బియ్యం నానితే సుమారు 3.2 కిలోలు అవుతుంది, ముప్పావు లీటరు దాకా నీళ్లు తాగేస్తుంది. తెర్లుతున్న నాలుగు లీటర్ల నీళ్లలో ఆ చల్లటి బియ్యం పడగానే వేడి 80 డిగ్రీల దాపులోకి పడిపోతుంది. అక్కడ ఉడుకు ఆగుతుంది కానీ బియ్యంలో గంజి పదార్థం ఉబ్బడం ఆగదు, దానికి 70 డిగ్రీలు దాటితే చాలు. ఇంటి స్టవ్ పెద్ద బర్నర్ మీద మళ్లీ తెర్లడానికి ఐదారు నిమిషాలు పట్టొచ్చు. ఆ ఐదారు నిమిషాలూ అడుగు మెతుకు ఉడుకుతూ ఉంటుంది, పైది వేచి ఉంటుంది. పైన, కింద తేడా ఇక్కడే మొదలవుతుంది. ఆ సమయంలో కంగారుపడి గరిటెతో తిప్పితే సగం ఉబ్బిన మెతుకులు విరిగి గంజి వదులుతాయి.

అందుకే మూడు జాగ్రత్తలు. ఎసరు నీళ్లను గంజులో పోసి కాచవద్దు; ఉల్లిగడ్డ వేగుతుండగానే పక్క బర్నర్ల మీద రెండు గిన్నెల్లో రెండేసి లీటర్లు మరిగించి పెట్టుకోండి. నాలుగు లీటర్లు ఒకే బర్నర్ మీద మరగడానికి పదీ పన్నెండు నిమిషాలు పడుతుంది, అంతసేపు వేగిన మసాలా ఆ నీళ్లలో నానుతూ కూర్చోవాలి. బియ్యం పోసేది ఉరుకుతున్న ఎసరులోకే. పోయగానే మూత పెట్టండి, ఉడుకు రాగానే తీయండి. మూత ఉంటే ఉడుకు త్వరగా తిరిగి వస్తుంది.

ఇంటి స్టవ్ సరిపోతుందా అంటే, రెండున్నర కిలోలకు పెద్ద బర్నర్ సరిపోతుంది. ఇంటి స్టవ్ మీద మూడు కిలోలు దాటకపోవడం మంచిది. దాటితే రెండు గంజులు చేసుకోవాలి. భట్టి తెప్పిస్తే మాత్రం ఒక సంగతి చూసుకోండి: ఎక్కువ ఒత్తిడి మీద మండే భట్టి ఇంటి సిలిండర్ రెగ్యులేటర్ మీద సరిగ్గా మండదు, దాని రెగ్యులేటర్ వేరు. అద్దెకిచ్చేవాళ్లను అడిగి దాన్నీ తెచ్చుకోవాలి. వంటింట్లో అసలు వెలిగించకూడదు, డాబా మీదో వాకిట్లోనో పెట్టాలి. ఒక్క అన్నం కోసం ఆ తతంగం నాకైతే దండగ.

ఇక దమ్ము. మంట పెద్దగా పెట్టి, నీళ్లు బియ్యం మట్టానికి దిగి, పైన చిన్న చిన్న గుంటలు పడి అందులోంచి ఆవిరి బుసకొడుతున్నప్పుడు మంట తగ్గించాలి. బియ్యం వేశాక సుమారు 10 నుంచి 12 నిమిషాలకు ఆ స్థితి వస్తుంది. గడియారం కంటే ఆ గుంటలే నమ్మకం. గంజు కింద పాత ఇనప పెనం పెట్టి, మిగిలిన కోతిమీర చల్లి, తడిపి గట్టిగా పిండిన నూలు బట్ట గంజు మూతికి కప్పి, మూత పెట్టి పైన బరువు ఉంచండి. బట్ట కొసలు మంట వైపు వేలాడకుండా మూత మీదికి మడవాలి. సన్న సెగ మీద 15 నిమిషాలు, కట్టేశాక ఇంకో 15 నిమిషాలు మూత తీయకూడదు. ఈ రెండో పావుగంటను చాలామంది ఎగ్గొడతారు. అప్పటికి పైన మెతుకు తడిగా, కింద మెతుకు మరీ మెత్తగా ఉంటుంది; మూత కింద ఆవిరి సర్దుకుని రెండూ దగ్గరకొచ్చేది అప్పుడే. వెంటనే కలిపితే విరుగుతాయి.

తీసేటప్పుడు గరిటె నిలువుగా గుచ్చి తిప్పొద్దు. జాలి గరిటెనో పలచటి పళ్లేన్నో అంచు వెంట జార్చి, ఒక్కో పొర లేపుతూ పక్క బేసిన్లోకి తీసుకోవాలి.

మూడో విజిల్

ఇంత తతంగం దేనికండీ, రెండు కుక్కర్లు ఉంటే పని అయిపోతుంది. బగారా అన్నానికి కుక్కర్ ఏమీ తక్కువ కాదు. ఆవిరి పోయే దారి తక్కువ కాబట్టి లెక్క ఇంకా ఖచ్చితం: నానబెట్టి వడకట్టిన గ్లాసు సోనా మసూరికి గ్లాసున్నర నీళ్లు, బాస్మతి అయితే గ్లాసుంబావు. పెద్ద మంట మీద ఒక్క విజిల్, తర్వాత సన్న సెగ మీద నాలుగు నిమిషాలు, కట్టేయడం. ప్రెషర్ దానంతట అది దిగాలి. విజిల్ ఎత్తి ఆవిరి వదిలితే లోపలి నీరు ఒక్కసారిగా తెర్లి మెతుకు పగులుతుంది.

హద్దు ఒక్కటే. బియ్యం, నీళ్లు కలిపి కుక్కర్లో సగానికి మించకూడదు. ఉబ్బి పైకొచ్చే వంటలకు కుక్కర్లతో వచ్చే పుస్తకాల్లోనూ ఇదే ఉంటుంది. దాటితే గంజి నురగ విజిల్లోకి ఎక్కుతుంది. అంటే ఐదు లీటర్ల కుక్కర్లో 200 మిల్లీలీటర్ల గ్లాసుతో నాలుగు గ్లాసులు, అంతే. పోపు కుక్కర్లోనే వేస్తాం కాబట్టి ఉల్లిపాయలు అడుగంటకుండా, నీళ్లు పోశాక అడుగు ఒకసారి గీకి అప్పుడే మూత పెట్టండి. అడుగంటిన ముక్క ఉంటే కుక్కర్లో అది తప్పకుండా మాడుతుంది, చూసే వీలు కూడా ఉండదు.

గంజు గరిటె

కుక్కర్ల మంచిగనే అయితది, కాదనను. గని 20 మందికి 15 గ్లాసులు కావాలె. ఐదు లీటర్ల కుక్కర్ల నాలుగుసార్లు దించాలె, ప్రతిసారి పోపు వేరె, ఉప్పు వేరె. నాలుగు రుచులొస్తయి. ఐదారుగురికైతె కుక్కర్, పది దాటితె గంజు.

ఉప్పల్ వంటిల్లు

చాలా స్పష్టంగా చెప్పారు, కృతజ్ఞతలు. ఇంకో మూడు సందేహాలు.

ఒకటి, ఏడాది పాత బియ్యం రెండు కిలోలే మిగిలాయని ఇప్పుడు చూశాను. మిగతా అర కిలో రేషన్ సన్నబియ్యం కలపొచ్చా? రెండు, మా దగ్గర వాడుక నీళ్లు బోరువి, అన్నం కొంచెం పసుపు ఛాయలో వస్తుంది. బగారా తెల్లగా ఉండాలంటే ఏం చేయాలి? మూడు, ఒంటి గంటకు వడ్డించాలంటే ఎప్పుడు మొదలుపెట్టాలి?

సన్నసెగ

కలపవద్దు. పాత బియ్యం మెల్లగా నీళ్లు తాగుతుంది, మెతుకు విడిగా నిలబడుతుంది. కొత్తది త్వరగా మెత్తబడి గంజి వదులుతుంది. రెండూ ఒకే ఎసరులో పడితే కొత్త మెతుకు ముద్దయి పాత మెతుకుకు అతుక్కుంటుంది. అర కిలో తేడాకు రెండు కిలోలూ పాడవుతాయి. రేషన్ బియ్యం కొత్తదో పాతదో చూసి చెప్పడం కష్టం కూడా. కావాలంటే ముందు రోజు గ్లాసుడు వండి చూడండి. వానాకాలం పంట మార్కెట్లోకి వచ్చిన నెలల్లో, అంటే డిసెంబరు నుంచి సంక్రాంతి దాటేదాకా, దుకాణంలో 'పాతవే' అన్నా ఒక గ్లాసు వండి చూడనిదే పెద్ద వంటకు వాడకూడదు. తప్పనిసరై కొత్త బియ్యమే వండాల్సి వస్తే నానబెట్టకుండా, ఎక్కువ కడగకుండా, రెండున్నర కిలోలకు నాలుగు లీటర్ల దగ్గరే ఆపండి. నానబెడితే మూడున్నరకు మించొద్దు.

బీపీటీ అని అమ్మే సాంబ మసూరి, హెచ్‌ఎంటీ, జై శ్రీరాం, ఏదైనా ఫరవాలేదు. రకం కన్నా వయసు ముఖ్యం. కనీసం ఆరు నెలలు, ఏడాదైతే ఇంకా మంచిది. తెలంగాణ సోనా మెతుకు మరీ సన్నం, నానబెట్టడం పావుగంటకు తగ్గించండి. బాస్మతికి అరగంట నాననిచ్చి, కిలోకు లీటరున్నర లోపే నీళ్లు పోయండి. నా మాటకొస్తే బగారాకు బాస్మతి అక్కరలేదు. కోడికూర పులుసు కలుపుకుని తినే అన్నానికి సోనా మసూరే బాగుంటుంది, పులుసు పట్టుకుంటుంది.

పసుపు ఛాయ గురించి: మన బోరు నీళ్లు చాలా చోట్ల క్షార గుణంతో ఉంటాయి, బియ్యంలో సహజంగా ఉండే రంగు పదార్థాలు ఆ నీళ్లలో పసుపు తిరుగుతాయి. నల్లాలో వచ్చే మంజీరా, కృష్ణా నీళ్లు ఉంటే ఎసరుకు వాటినే వాడండి. లేకపోతే నాలుగు లీటర్లకు అర నిమ్మచెక్క పిండండి, పులుపు తెలియదు. ఎక్కువ పిండితే బగారా కాస్తా నిమ్మకాయ పులిహోర వైపు పోతుంది. బోరు నీళ్ల ఉప్పదనం కూడా చూసి 55 గ్రాముల ఉప్పు నుంచి ఒక చిన్న చెంచా తగ్గించుకోండి.

సమయం: 11.30కి ఉల్లిపాయలు గంజులో పడాలి. 11.40కి కడిగిన బియ్యంలో నీళ్లు పోసి నానబెట్టండి, అప్పుడే పక్క బర్నర్ల మీద ఎసరు పెట్టండి. 12కు బియ్యం వడకట్టి, గంజులో ఎసరు పోయడం. 12.05కు బియ్యం. 12.20 లోపు పెనం మీదికి. 12.35కు కట్టేసి, 12.50కి మూత తీయడం. బేసిన్లోకి తీసేసరికి ఒంటి గంట. కూర, దాల్చా 11 కల్లా దించి పెట్టుకోవాలి, ఎందుకంటే మూడు బర్నర్లూ అన్నానికే పోతాయి. అన్నం దమ్ములో ఉన్నప్పుడు రెండు ఖాళీ అవుతాయి, అప్పుడు వాటిని వేడి చేసుకోవచ్చు.

అర కిలో బియ్యం కొనడానికి వీల్లేకపోతే రెండు కిలోలతోనే వండండి, నీళ్లు మూడు ముప్పావు లీటర్లు కాదు, మూడుంబావు లీటర్లు. దాల్చా కొంచెం ఎక్కువ చేస్తే 20 మందికి గట్టెక్కుతుంది.

గంజు గరిటె

సన్నసెగ అన్న చెప్పింది మంచిగ చదువుకోండ్రి, రెండు కిలోలకు మూడుంబావు లీటర్లే. ముప్పావు అని మొదలు కనపడ్డది చూసి పోస్తె అర లీటరు ఎక్కువైతది.

సంచి పట్టుకుని

మసాలా కొనడం గురించి నాలుగు మాటలు. బేగం బజార్ దాకా వెళ్లగలిగితే అన్నీ ఒకే చోట దొరుకుతాయి, సికింద్రాబాద్ వాళ్లకు మొండా మార్కెట్ దగ్గర. 'బగారా మసాలా' అని కలిపి కట్టిన పొట్లాలు తీసుకోకండి, వాటిలో బగారాకు, అనాస పువ్వు విరిగిన ముక్కలే ఎక్కువ, షాజీరా పేరుకు ఉంటుంది. విడివిడిగా అడగండి.

షాజీరా బదులు మామూలు జీలకర్ర పెద్దగా వేస్తే అది జీరా రైస్ అవుతుంది. షాజీరా సన్నగా, వంకరగా, ముదురు రంగులో ఉంటుంది, వేళ్లతో నలిపితే ఘాటైన వాసన రావాలి. పేరుకుపోయిన సరుకుకు ఆ వాసన ఉండదు. దాల్చిన చెక్క పేరుతో మందంగా, గరుకుగా ఉండే కాసియా చెక్క ఇస్తారు, బగారాకు అది సరిపోతుంది, కానీ ఘాటు ఎక్కువ కాబట్టి 10 గ్రాములు దాటకండి. రాతి పువ్వులో ఇసుక, బెరడు ఉంటాయి. దులిపి, ఒకసారి నీళ్లలో ముంచి పిండి, ఆరాక వేయాలి, తడిగా నూనెలో వేస్తే చిందుతుంది.

అల్లం వెల్లుల్లి ముద్ద మాత్రం ఇంట్లో నూరండి. ప్యాకెట్లలో నిలవ ఉండడానికి ఉప్పు, పులుపు కలుపుతారు. గ్లాసు అన్నంలో తెలియదు కానీ 125 గ్రాములు వేస్తే పుల్లటి వాసన మూత తీయగానే కొడుతుంది. పైగా అందులో ఉన్న ఉప్పు మీ లెక్కలోకి రాదు. వెల్లుల్లి 75, అల్లం 50 గ్రాములు. అల్లం పెరిగితే అన్నం చిరుచేదుగా అనిపిస్తుంది.

కొబ్బరిపాల వాసి

మా వైపు నీళ్లలో మూడో వంతు కొబ్బరిపాలు పోస్తాం, రెండు టమాటాలు, కప్పు పెరుగు కూడా వేస్తాం. రుచి ఇంకా పెరుగుతుంది కదా?

గంజు గరిటె

రుచి ఉంటది అన్నా, గని అది వేరె అన్నం. పులావ్ అనుకోండ్రి. టమాటా, పెరుగు రెండింట్ల నీళ్లున్నయి, అవి ఎసరు లెక్కల తీసెయ్యకపోతె మళ్ల ముద్దనే. పెరుగు కప్పుకు కప్పు నీళ్లు తగ్గించాలె. కొబ్బరిపాలు అడుగు తొందరగ పట్టుకుంటయి, 20 మంది గంజుల మొదటిసారి చేసేటోళ్లు ముట్టకుంటె మంచిది.

దాల్చా గిన్నె

దాల్చా అడగలేదు గానీ పక్కన చేస్తున్నారు కాబట్టి. మీకు కోడికూర ఉంది, పది మందికి దాల్చా చాలు: శనగపప్పు 200 గ్రాములు, కందిపప్పు 100 గ్రాములు, సొరకాయ అర కిలో పెద్ద ముక్కలు, చింతపండు 40 గ్రాములు. శనగపప్పును గంట నానబెట్టి రెండు పప్పులూ కలిపి మెత్తగా ఉడికించి మెదపండి. సొరకాయ విడిగా ఉడికించాలి, పప్పుతో పాటు కుక్కర్లో వేస్తే ముక్క కనపడదు. చింతపండు పులుసు ముక్క ఉడికాకే పోయాలి, ముందు పోస్తే ముక్క గట్టిపడి ఉడకనే ఉడకదు. అన్నం మీద పారేంత పలచగా ఉండాలి. చల్లారితే చిక్కబడుతుంది కాబట్టి వడ్డించే ముందు వేడినీళ్లు కలుపుకోండి.

ఉప్పల్ వంటిల్లు

ఇది కూడా రాసుకున్నాను. ఆఖరిగా: మూత తీశాక పలుకుగా ఉన్నా, ముద్దగా ఉన్నా అప్పటికప్పుడు ఏం చేయాలి? మిగిలిన అన్నం రాత్రికి ఉంచుకోవచ్చా?

సన్నసెగ

పైన పలుకు ఉంటే: పావు లీటరు మరుగుతున్న నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి, పై పొర మీద చిలకరించండి. ఒక చోట పోయొద్దు. మళ్లీ తడి బట్ట, మూత, పెనం మీద సన్న సెగ, 10 నిమిషాలు. చల్లనీళ్లు చల్లితే మెతుకు బయట మెత్తబడి లోపల పలుకు అలాగే ఉండిపోతుంది.

ముద్దగా ఉంటే: మూత పెట్టి ఉంచడమే పెద్ద తప్పు. వెంటనే రెండు మూడు వెడల్పు తాంబాళాల్లో పలచగా పరిచి, ఫ్యాన్ కింద ఐదు నిమిషాలు. పై తడి ఆరితే సగం నయమవుతుంది. కలపకండి, నెయ్యి వేయకండి, నెయ్యి వేసి కలిపితే అంతా ఉండకట్టుకుంటుంది.

మాడు వాసన వస్తే: అడుగు గీకొద్దు, గంజును తిప్పొద్దు. పైన మూడు వంతుల అన్నాన్ని నెమ్మదిగా వేరే గిన్నెలోకి తీసి, మూత తెరిచి వాసన పోనివ్వాలి. అదే గంజులో ఉంచితే పది నిమిషాల్లో మొత్తానికి పడుతుంది.

మిగిలిన అన్నం సంగతి గంభీరంగా తీసుకోండి. వండిన అన్నంలో బతికి ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు (స్పోర్లు) ఉంటాయి, మరిగించినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలిచి విషం వదులుతాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. పెద్ద గంజు నడుమ అన్నం సాయంత్రం దాకా గోరువెచ్చగానే ఉంటుంది, అదే ప్రమాదం. వడ్డన అయిపోగానే, వండిన రెండు గంటల లోపు, మిగిలింది వెడల్పు గిన్నెల్లో రెండు అంగుళాల మందం మించకుండా పరిచి ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రికో మర్నాడు పొద్దునకో ఆవిరి వచ్చేదాకా వేడి చేసి తినండి, ఒక్కసారే. సాయంత్రం దాకా గంజులోనే మూత కింద ఉండిపోయిందైతే, వాసన బాగున్నా పారేయండి.

గంజు గరిటె

గంజును మాత్రం అన్నం తీయంగనే నీళ్లు పోసి నానబెట్టుర్రి. అడుగున ఎండిన గంజి తర్వాత స్క్రబ్బర్‌కు కూడ లొంగదు.